25 శాతం మనదే అంటారు, ఆర్డరు మాత్రం ఎందుకు రాదు?

"అక్కా, ఇరవై ఐదు శాతం మనకే రాసిపెట్టారు కదా, మరి మనకెందుకు రాలేదు?"

విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో మా తమ్ముడికి చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. టెండరు కాగితాలు చూసే పని పదేళ్లకు పైగా నాదే. మావి అయ్యాక పక్క షెడ్ల వాళ్లవి కూడా చూస్తుంటాను. వాళ్లలో దాదాపు అందరూ ఏదో ఒక రోజు నన్ను ఈ ప్రశ్న అడిగారు. వీళ్లు పనిలో తక్కువవాళ్లు కాదు. లేత్ ముందు నిలబడితే వెంట్రుకవాసి తేడా రానివ్వరు. కేంద్ర సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం చిన్న సంస్థల దగ్గర చేయాలని ఎక్కడో సదస్సులో విన్నారు, ఉద్యం (చిన్న సంస్థగా కేంద్రం దగ్గర నమోదు) సర్టిఫికెట్టు తీసుకున్నారు, టెండరు వేశారు, పోయింది. చట్టం తమకు ఏం ఇచ్చిందో, ఏం ఇవ్వలేదో కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు. ఆ లోటు కొంతైనా తీర్చాలని ఇది రాస్తున్నాను.

కొనేవాళ్లు ఇంత దగ్గరగా ఉన్న ఊరు నాకు తెలిసి మన రాష్ట్రంలో ఇంకోటి లేదు. గాజువాక జంక్షన్ నుంచి ఒకవైపు వెళ్తే కూర్మన్నపాలెం దగ్గర స్టీల్ ప్లాంటు. ఇంకోవైపు వెళ్తే మల్కాపురంలో 1957 నాటి రిఫైనరీ, ఇంకాస్త ముందుకెళ్తే 1941లో పునాది పడ్డ షిప్‌యార్డు, దాన్ని ఆనుకుని నేవల్ డాక్‌యార్డు. ఒకప్పుడు బీహెచ్‌పీవీ అని పిలుచుకున్న బీహెచ్ఈఎల్ యూనిట్టు, పరవాడ వైపు ఎన్టీపీసీ సింహాద్రి, రైల్వే, పోర్టు. ఇన్ని సంస్థలు రోజూ ఏదో ఒకటి కొంటూనే ఉంటాయి. గేటుకు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న షెడ్డుకు ఆ ఆర్డర్లలో ఒక్కటీ రాకపోతే ఎంత బాధగా ఉంటుందో నాకు తెలుసు.

ఆ 25 శాతం అసలు ఏమిటి?

2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) అభివృద్ధి చట్టంలో 11వ సెక్షన్ ఉంది. దాని కింద కేంద్రం 2012 మార్చిలో సూక్ష్మ, చిన్న సంస్థల కోసం ప్రభుత్వ కొనుగోళ్ల విధానం ప్రకటించింది. మొదట లక్ష్యం 20 శాతం. 2015 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి అయింది. 2018 నవంబరులో దాన్ని 25 శాతానికి పెంచి, 2019 ఏప్రిల్ 1 నుంచి అమలు చేశారు. ఇందులోనే ఎస్సీ, ఎస్టీల సంస్థలకు 4 శాతం, మహిళల సంస్థలకు 3 శాతం.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఈ 25 శాతాన్ని ఒక సంస్థ ఏడాది మొత్తంలో చేసే కొనుగోళ్ల మీద లెక్కగడతారు. పది కోట్ల టెండరు వస్తే అందులో రెండున్నర కోట్లు పక్కన తీసిపెట్టరు. యూనిఫారాలు, క్యాంటీన్ సామాను, వాహనాల అద్దె లాంటివన్నీ చిన్న సంస్థల దగ్గర కొని ఆ లక్ష్యం చేరుకున్న కంపెనీ, మీరు చేసే వస్తువును పూర్తిగా పెద్ద కంపెనీ దగ్గర కొన్నా లెక్క సరిపోతుంది. పైగా చిన్న సంస్థ అంటే విశాఖలోదే కానక్కర్లేదు. కోయంబత్తూరులో కొన్నా, లూధియానాలో కొన్నా ఆ ఖాతాలోకే వస్తుంది. గేటు పక్కన ఉన్నామని ఈ విధానంలో ప్రత్యేకంగా మార్కులేమీ పడవు.

మరి ఒక్కో టెండరులో ఈ విధానం ఎలా పనిచేస్తుంది? ఎల్-1 ప్లస్ 15 అనే సూత్రంతో. ఎల్-1 అంటే అందరికంటే తక్కువ వేసిన రేటు. ఒక సంస్థ వెయ్యి స్టీలు స్టాండ్లు కొనాలనుకుందనుకోండి. అందరికంటే తక్కువ రేటు ఒక పెద్ద కంపెనీ వేసింది, ఒక్కోటి 100 రూపాయలు. మీరు 113 వేశారు. మీ రేటు ఎల్-1 రేటు కంటే 15 శాతం లోపే ఎక్కువగా ఉంది కాబట్టి, "100కే ఇస్తావా?" అని మిమ్మల్ని అడగాలి. ఒప్పుకుంటే మొత్తంలో కనీసం పాతిక శాతం, అంటే 250 స్టాండ్లు మీకు వస్తాయి. మీలాంటివాళ్లు ముగ్గురుంటే ఆ 250నే పంచుకోవాలి. విడగొట్టడానికి వీల్లేని వస్తువైతే మొత్తం ఆర్డరు మీకే ఇవ్వవచ్చు.

ఈ సూత్రానికి ఒక షరతు ఉంది. ఎల్-1 వచ్చినవాళ్లు సూక్ష్మ, చిన్న సంస్థ కాకూడదు. వాళ్లూ చిన్న సంస్థే అయితే 15 శాతం ఊసే ఉండదు, తక్కువ వేసినవాళ్లకే ఆర్డరు. ఆటోనగర్ షెడ్లు వేసే టెండర్లలో పోటీ ఎక్కువగా తోటి చిన్న సంస్థలతోనే. అందుకే ఇంత పేరున్న ఈ వెసులుబాటు వాళ్లలో చాలామందికి ఒక్కసారి కూడా అక్కరకు రాలేదు.

దీనికి తోడు 2025 ఏప్రిల్ 1 నుంచి నిర్వచనాలు మారాయి. అంతకుముందు ఏడాదికి 50 కోట్ల టర్నోవరు వరకు చిన్న సంస్థ. ఇప్పుడు 100 కోట్ల వరకు, యంత్రాల మీద పెట్టుబడి 25 కోట్లు దాటనంత వరకు చిన్న సంస్థే. సూక్ష్మ సంస్థకు 10 కోట్ల టర్నోవరు, రెండున్నర కోట్ల పెట్టుబడి హద్దు. ఎనిమిది మందితో ఏడాదికి కోటి రూపాయల పని చేసే షెడ్డు, 90 కోట్ల కంపెనీ ఒకే వరుసలో నిలబడుతున్నాయి. ఈ 25 శాతంలో సూక్ష్మ సంస్థలకంటూ విడిగా వాటా లేదు. పెరుగుతున్న కంపెనీలు చిన్న సంస్థల హోదా పోతుందని భయపడకుండా ఎదగడానికి ఈ మార్పు మంచిదే. కానీ అందరికంటే కింద ఉన్నవాళ్లకు విడిగా కొంత భాగం కేటాయించకుండా మార్చడం నాకు సమంజసంగా అనిపించదు.

358 రకాల వస్తువుల జాబితా ఒకటి కూడా ఉంది. వాటిని కేంద్ర సంస్థలు సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గరే కొనాలి. బోల్టులు, నట్లు, ముళ్లతీగ, బకెట్లు, బ్రష్షులు అందులోవే. మీరు చేసే వస్తువు ఆ జాబితాలో ఉందేమో ఒకసారి చూసుకోండి.

వస్తువా, సర్వీసా, వర్క్సా?

ఈ విధానం తాము తయారు చేసిన వస్తువులు అమ్మేవాళ్లకు, తాము చేసే సేవలు అందించేవాళ్లకు మాత్రమే. కొని అమ్మేవాళ్లకు వర్తించదు. వర్తకులకు 2021లో ఉద్యం రిజిస్ట్రేషన్ ఇచ్చారు కానీ, అది బ్యాంకుల ప్రాధాన్య రుణాల కోసమే. కాబట్టి మీ సర్టిఫికెట్టులో ప్రధాన కార్యకలాపం అనే గడి తీసి చూడండి. అక్కడ ట్రేడింగ్ అని ఉంటే మీరు లోపల లేత్ తిప్పుతున్నా, వెల్డింగ్ చేస్తున్నా కాగితం ప్రకారం వర్తకులే. కింద ఉండే ఎన్ఐసీ కోడ్లు (ఏ రకం పని చేస్తారో చెప్పే అంకెలు) కూడా మీరు టెండరు వేస్తున్న వస్తువుకు సరిపోవాలి. మా తమ్ముడి సర్టిఫికెట్టును మొదట్లో ఎవరో ఇంటర్నెట్ సెంటరులో హడావుడిగా తీసిచ్చారు, కోడు వేరే పడింది. అది తెలిసేలోపే ఒక టెండరు టెక్నికల్ బిడ్ దశలో కొట్టేశారు. సరిదిద్దుకోవడానికి పట్టింది అరగంట. ఉద్యం పోర్టల్‌లో రిజిస్ట్రేషనుకైనా, సవరణకైనా రూపాయి కట్టక్కర్లేదు.

మన ఊరికి అసలైన మెలిక వర్క్స్ దగ్గర ఉంది. ప్లాంట్లలో, యార్డుల్లో మన షెడ్లకు దొరికే పనిలో చాలా భాగం చేసి పంపేది కాదు, అక్కడికి వెళ్లి బిగించేది. పైపులైను మార్చడం, స్ట్రక్చరు నిలబెట్టడం, ట్యాంకుకు ప్యాచ్ వేయడం. అదే ప్లేటు, అదే వెల్డరు, అదే రాడ్డు. షెడ్డులో చేసి లారీ ఎక్కిస్తే వస్తువు. లోపలికి వెళ్లి నిలబెడితే, టెండరులో దాన్ని వర్క్స్ కాంట్రాక్టు అని రాస్తే, 2012 విధానం దానికి వర్తించదు. అంటే ఈఎండీ (టెండరుతో పాటు ముందే పెట్టే డిపాజిట్) మినహాయింపు గానీ, 15 శాతం వెసులుబాటు గానీ హక్కుగా అడగలేం. ఆ సంస్థ తనంతట తాను ఇస్తే అది వేరే సంగతి. అందుకే టెండరు చేతికి రాగానే రేటు గురించి ఆలోచించకముందే ఇది వస్తువా, సర్వీసా, వర్క్సా అని చూసుకోవాలి. ఒక్కోసారి ఒకే తరహా రిపేరు పనిని ఒకచోట సర్వీసు అంటారు, ఇంకోచోట వర్క్స్ అంటారు. సర్వీసు కిందికి రావాల్సిందేమో అని అనుమానం ఉంటే ప్రీ-బిడ్ సమావేశంలోనే రాతపూర్వకంగా అడగాలి. టెండరు తెరిచాక అడిగితే ఉపయోగం ఉండదు.

ఇంకో హద్దు కూడా ఉంది. ఈ విధానం కేంద్ర మంత్రిత్వ శాఖలకు, విభాగాలకు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకు మాత్రమే. జీవీఎంసీ (నగరపాలక సంస్థ), ఈపీడీసీఎల్ (కరెంటు సంస్థ), కేజీహెచ్ (పెద్దాసుపత్రి) లాంటివి రాష్ట్రం కిందివి. వాటికి రాష్ట్ర నిబంధనలు, రాష్ట్ర ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్ ఉంటాయి. కేంద్ర ఉత్తర్వు ప్రతి జతచేసి అక్కడ ఈఎండీ మినహాయించమని అడిగితే బిడ్ పోతుంది. డాక్‌యార్డు మామూలుగా కొనే సామానుకు ఈ విధానం వర్తిస్తుంది, ఆయుధ వ్యవస్థలకు మాత్రం కాదు.

ఈఎండీ లేదు, కానీ డిపాజిట్ ఉంది

విధానం కిందికి వచ్చే టెండర్లలో సూక్ష్మ, చిన్న సంస్థలు టెండరు ఫారానికి డబ్బు కట్టక్కర్లేదు, ఈఎండీ కూడా పెట్టక్కర్లేదు. ఇది నిజంగా పెద్ద మేలు. ఒకేసారి నాలుగు టెండర్లు వేస్తే నాలుగు చోట్లా డబ్బు ఇరుక్కునే బాధ తప్పింది. అయితే ఆర్డరు వచ్చాక పెట్టాల్సిన పెర్ఫార్మెన్స్ సెక్యూరిటీకి ఈ మినహాయింపు లేదు. కాంట్రాక్టు విలువలో కొంత శాతం బ్యాంకు గ్యారంటీగానో డిపాజిట్‌గానో ఇవ్వాలి. వారంటీ తీరేదాకా అది తిరిగి రాదు. ఈఎండీ లేదన్న ధీమాతో ఈ డబ్బు లెక్కలోకి తీసుకోకుండా రేటు వేసినవాళ్లను చూశాను. ఆర్డరు వచ్చిన మర్నాడు బ్యాంకు మేనేజరు ముందు కూర్చుని, గ్యారంటీకి మార్జిన్ డబ్బు ఎక్కడినుంచి తేవాలా అని టెన్షన్ పడుతుంటారు.

పాత అనుభవం, టర్నోవరు షరతుల్లో సడలింపు ఇంకో వరం. నాణ్యత, సాంకేతిక ప్రమాణాలకు సరిపోయే చిన్న సంస్థలకు ఈ రెండు షరతులు సడలించవచ్చు. ప్రజల భద్రత, ఆరోగ్యం, కీలక రక్షణ పరికరాలు లాంటి కొనుగోళ్లలో కొనే సంస్థ సడలింపు ఇవ్వకపోవచ్చు. రిఫైనరీలో ప్రెజరు భరించే ఒక భాగానికి అనుభవం అడిగితే దాన్ని తప్పుపట్టలేం. స్టోరు రూములో పెట్టే ర్యాకుకు మూడేళ్ల అనుభవం, రెండు కోట్ల టర్నోవరు అడిగితే మాత్రం గట్టిగా అడగాల్సిందే.

2016లో మొదలైన జెమ్ పోర్టల్ (ప్రభుత్వ సంస్థలు కొనే ఆన్‌లైన్ బజారు) దీన్ని చూసుకోవడం తేలిక చేసింది. బిడ్ డాక్యుమెంటు మొదటి పేజీల్లోనే ఒక పట్టిక ఉంటుంది. ఎంఎస్ఈకి (సూక్ష్మ, చిన్న సంస్థకు) అనుభవంలో మినహాయింపు ఉందా, టర్నోవరులో ఉందా, కొనుగోలు ప్రాధాన్యం ఉందా, రివర్స్ ఆక్షన్ (పోటీపడి రేటు తగ్గించుకుంటూ పోయే వేలం) ఉందా, గ్యారంటీ ఎంత శాతం, ఎన్ని నెలలు అన్నీ అక్కడే ఉంటాయి. మిగతా నలభై పేజీలు తర్వాత. ముందు ఆ పట్టిక చదివి, పక్కన కాగితం మీద రాసుకుంటే సగం టెండర్లను అక్కడే వదిలేయొచ్చు. వదిలేయడం ఓడిపోవడం కాదు. మనం నెగ్గలేని బిడ్ మీద మూడు రాత్రులు కూర్చోవడం కంటే నెగ్గగలిగే ఒక్కదాని మీద కూర్చోవడం మేలు.

ఆ తర్వాత కొనుగోలుదారు అదనంగా చేర్చిన షరతుల పేజీ చూడాలి. బిడ్లు పోయేది ఎక్కువగా అక్కడే. ఫలానా అనుబంధం కంపెనీ లెటర్‌హెడ్ మీద సంతకంతో ఇవ్వాలి, స్థానిక వాటా ఎంత శాతమో ధ్రువీకరణ ఇవ్వాలి, ఫలానా టెస్టు రిపోర్టు జతచేయాలి, ఇలా ఉంటాయి. వీటిలో ఒక్కటి తప్పినా, కవరు తెరిచి మన రేటు చూడకముందే పక్కన పెట్టేస్తారు. తిరస్కరించిన కారణం అడిగితే చెప్పాలని ప్రభుత్వ ఆర్థిక నిబంధనల్లోనే ఉంది. దయచేసి ప్రతిసారీ అడగండి. జెమ్‌లో అభ్యంతరం చెప్పడానికి గడువు చాలా తక్కువ, రోజూ లాగిన్ అయి చూసుకోవాలి. కారణం తెలియకుండా వేసే పదో బిడ్ కంటే, కారణం తెలిసి వేసే రెండో బిడ్‌కే అవకాశం ఎక్కువ.

గెలిచాక మొదలయ్యే లెక్క

నేను అన్నిటికంటే ఎక్కువ చెప్పాలనుకున్నది ఇదే. చిన్న సంస్థలకు సహాయం అనగానే అందరూ ఆర్డరు తెప్పించడం గురించే మాట్లాడతారు. నా కళ్ల ముందు మూతపడ్డ షెడ్లలో ఎక్కువ ఆర్డరు రాక మూతపడలేదు, ఆర్డరు వచ్చాకే మూతపడ్డాయి.

పది లక్షల ఆర్డరు ఒకటి తీసుకుందాం, జీఎస్టీ కాకుండా. ప్లేటు, యాంగిల్, ఛానెల్ కలిపి ఆరు లక్షలు. కూలీలు, కరెంటు, గ్యాసు, రాడ్లు, లారీ, షెడ్డు అద్దె అన్నీ కలిపి ఇంకో మూడు లక్షల ఇరవై వేలు. మిగిలేది 80 వేలు. ఖర్చులో ఎనిమిది లక్షలు సీసీ లిమిట్ (బ్యాంకు క్యాష్ క్రెడిట్ అప్పు) నుంచి తీశాం, వడ్డీ ఏడాదికి 12 శాతం. అంటే నెలకు 8 వేలు. సరుకు తయారవడానికి నెలన్నర, చట్టం చెప్పినట్టు 45 రోజుల్లో డబ్బు వస్తే మొత్తం మూడు నెలలు, 24 వేలు వడ్డీకి పోయి 56 వేలు మిగిలాయి. ఇది అంతా సవ్యంగా జరిగితే.

అదే డబ్బు ఏడు నెలలకు వస్తే వడ్డీ 56 వేలు. మిగిలింది 24 వేలు. ఇన్‌స్పెక్షన్ ఆలస్యమై, దాంతో సరఫరా రెండు వారాలు వెనకబడితే, జెమ్ మామూలు షరతుల ప్రకారం వారానికి అర శాతం చొప్పున ఒక శాతం కోత, 10 వేలు. ఇక చేతిలో 14 వేలు. ఇందులోంచే బ్యాంకు గ్యారంటీ కమిషన్ కట్టాలి.

మధ్యలో జీఎస్టీ ఉంది. ఇన్‌వాయిస్ ఇచ్చిన నెల తర్వాతి నెల 20వ తేదీకల్లా, నెలనెలా రిటర్ను వేసేవాళ్లయితే, పన్ను కట్టేయాలి, కొనుగోలుదారు మనకు డబ్బిచ్చినా ఇవ్వకపోయినా. 18 శాతం చొప్పున లక్షా 80 వేలు. ఇనుము మీద మనం కట్టిన లక్షా 8 వేలు తీసేస్తే ఇంకో 72 వేలు చేతినుంచి పెట్టాలి. రెండున్నర లక్షలు దాటిన కాంట్రాక్టుల మీద ప్రభుత్వ సంస్థలు బిల్లులోంచే 2 శాతం జీఎస్టీ టీడీఎస్ ముందుగా పట్టుకుంటాయి. అది మన ఖాతాలోనే జమ అవుతుంది కానీ, చేతికి వచ్చే నగదు ఆ మేరకు తగ్గుతుంది.

ఈ లెక్క రేటు వేయకముందే వేసుకోవాలి. రివర్స్ ఆక్షన్‌లో కూర్చున్నప్పుడు స్క్రీన్ మీద అంకె తగ్గుతుంటే మనిషికి పట్టుదల వస్తుంది. మా తమ్ముడికీ వచ్చేది. ఇప్పుడు ఆక్షన్‌కు ముందే ఒక చీటీ మీద అంకె రాసి నా చేతికిస్తాడు. దాని కింద ఒక్క రూపాయి కూడా దిగకూడదని మా ఇద్దరి ఒప్పందం.

డబ్బు ఆలస్యమైతే చట్టం ఏమంటుంది?

ఇక్కడ చట్టం గట్టిదే. 2006 చట్టం ప్రకారం కొన్నవాళ్లు ఎవరైనా, కేంద్రమైనా రాష్ట్రమైనా ప్రైవేటైనా, సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందంలో రాసుకున్న గడువులోపు చెల్లించాలి. ఆ గడువు 45 రోజులు దాటకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే అంగీకరించినట్టు లెక్క. "ఇంకా ఇన్‌స్పెక్షన్ కాలేదండీ" అని ఫోన్లో చెప్పే మాట అభ్యంతరం కిందికి రాదు. గడువు దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో ఇవ్వాలి. బ్యాంకు రేటు 6 శాతం ఉంటే మనకు రావాల్సింది ఏడాదికి 18 శాతం.

ఇవ్వకపోతే ఇలాంటి బకాయిల తగాదాలు తేల్చే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లవచ్చు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. 2017లో కేంద్రం దీనికోసమే సమాధాన్ పోర్టల్ మొదలుపెట్టింది. కౌన్సిల్ ముందు రాజీకి ప్రయత్నిస్తుంది, కుదరకపోతే మధ్యవర్తిత్వానికి తీసుకుంటుంది. తీర్పు మన పక్షాన వస్తే, దాన్ని కోర్టులో సవాలు చేయాలనుకునే కొనుగోలుదారు ముందు 75 శాతం డబ్బు డిపాజిట్ చేయాలి. 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది. ఒక్క జాగ్రత్త తీసుకోండి, సరఫరాకు ముందే, వీలైతే ఒప్పందానికి ముందే, ఉద్యం రిజిస్ట్రేషన్ ఉండేలా చూసుకోండి. తర్వాత తీసుకున్న సర్టిఫికెట్టు పాత సరఫరాలకు రక్షణ ఇవ్వదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది.

చట్టం ఇంత గట్టిగా ఉన్నా కౌన్సిల్ మెట్లు ఎక్కేవాళ్లు తక్కువ. కారణం అందరికీ తెలుసు. రేపు మళ్లీ అదే గేటు దగ్గరికి వెళ్లాలి. కొన్నేళ్ల కిందట ఒక ప్రభుత్వ సంస్థ మా బిల్లు ఎనిమిది నెలలు ఆపింది. గేటు ఎంట్రీ స్లిప్పు మీద ఒక స్టాంపు లేదన్నారు. ఆ స్టాంపు వేయాల్సింది వాళ్ల గేటు దగ్గరే. నాన్నగారి మందుల డబ్బు కూడా సర్దలేక ఆ ఏడాది మేము పడ్డ ఇబ్బంది మర్చిపోలేను. అయినా కౌన్సిల్‌కు వెళ్లడానికి మా తమ్ముడు ఒప్పుకోలేదు. "రెండో ఆర్డరు కూడా పోతుందక్కా" అన్నాడు. ఫిర్యాదు చేసినవాళ్ల మీద కక్ష ఉండదని నమ్మకం కుదిరేదాకా ఈ సెక్షన్లు చాలామందికి కాగితం మీదే ఉంటాయి. ఆ నమ్మకం కలిగించాల్సిన బాధ్యత కొనేవాళ్లదే.

ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) అని 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన గురించి వినే ఉంటారు. చిన్న సంస్థకు గడువులోపు గానీ, ఆ ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు గానీ చెల్లించకపోతే ఆ ఖర్చును ఆ ఏడాది పన్ను లెక్కలో చూపడానికి వీల్లేదు. ప్రభుత్వ రంగ కంపెనీలకు ఇది తగులుతుంది. ప్రభుత్వ విభాగాలు ఆదాయపు పన్ను కట్టవు కాబట్టి వాటిని ఇది కదిలించదు.

గొడవ పడకుండా డబ్బు త్వరగా తెచ్చుకునే దారి ట్రెడ్స్. రిజర్వ్ బ్యాంకు అనుమతితో నడిచే వేదికలు ఇవి. ఆర్‌ఎక్స్‌ఐఎల్, ఎం1ఎక్స్ఛేంజ్, ఇన్‌వాయిస్‌మార్ట్ వాటిలోవి. మన బిల్లును అక్కడ పెడితే, కొన్న సంస్థ దాన్ని ఒప్పుకున్నాక, బ్యాంకులు పోటీపడి వడ్డీ రేటు వేసి ముందుగానే డబ్బిస్తాయి. గడువుకు కొన్న సంస్థ ఆ బ్యాంకుకు కట్టుకుంటుంది. కట్టకపోయినా మన మీదకు రారు. వడ్డీ కూడా మన పరపతి చూసి కాక, కొన్న సంస్థ పరపతి చూసి పడుతుంది కాబట్టి మన సీసీ వడ్డీ కంటే తక్కువకే దొరికే వీలుంది. 250 కోట్ల టర్నోవరు దాటిన కంపెనీలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు ఇందులో చేరాల్సిందే. అయితే చేరడం వేరు, బిల్లును ఒప్పుకున్నట్టు బటన్ నొక్కడం వేరు. ఆర్డరు తీసుకునేటప్పుడే "బిల్లులు ట్రెడ్స్‌లో అంగీకరిస్తారా, ఎన్ని రోజుల్లో?" అని అడిగి ఈమెయిల్‌లో జవాబు తీసుకోండి. మా బిల్లుల్లో కొన్ని ఇలాగే త్వరగా తీరాయి.

సహాయం ఎక్కడ కావాలి?

జిల్లా పరిశ్రమల కేంద్రం, కేంద్ర ఎంఎస్ఎంఈ కార్యాలయం, ఎన్ఎస్ఐసీ (జాతీయ చిన్న పరిశ్రమల సంస్థ) వెండార్ మేళాలు పెడుతుంటాయి. స్టాళ్లు, శాలువాలు, ప్రసంగాలతో రోజు గడిచిపోతుంది. నేను కోరేది చాలా చిన్నది. నెలకో శనివారం ఆటోనగర్‌లోనే ఒక గదిలో, ఆ వారం వచ్చిన నిజమైన టెండరు ఒకటి ప్రొజెక్టరు మీద పెట్టి, మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒక కొనుగోలు అధికారి చదివి చెప్పాలి. ఎందుకు ఆ షరతు పెట్టారో, ఎక్కడ బిడ్లు పోతాయో ఆయనకంటే బాగా ఎవరికీ తెలియదు.

రెండోది, ఏడాదికి చిన్న సంస్థల నుంచి ఏమేం కొనబోతున్నారో కేంద్ర సంస్థలు తమ వెబ్‌సైట్లలో ముందే పెట్టాలని విధానంలోనే ఉంది. దాన్ని వస్తువుల వారీగా, నెలల వారీగా తెలుగులో కూడా పెడితే షెడ్డు యజమాని ఏ యంత్రం కొనాలో, ఏ టెస్టు సర్టిఫికెట్టు తెచ్చుకోవాలో ముందే చూసుకుంటాడు. టెండరు వచ్చాక పదిహేను రోజుల్లో టెస్టు రిపోర్టు ఎవరూ తేలేరు.

మూడోది బ్యాంకులకు. తాకట్టు లేని రుణాలకు సీజీటీఎంఎస్ఈ (చిన్న సంస్థల అప్పులకు హామీ ఉండే ట్రస్టు) గ్యారంటీ పరిమితిని 2025 ఏప్రిల్ నుంచి పది కోట్లకు పెంచారు. చేతిలో ప్రభుత్వ పర్చేజ్ ఆర్డరు ఉన్న మనిషిని కూడా ఇంటి పత్రాలు అడగడం ఇకనైనా ఆపాలి. మా వీధిలో ఇద్దరు పది లక్షల ఆర్డరు కోసం భార్యల బంగారం కుదువ పెట్టారు.

మొన్న ఆదివారం పక్క షెడ్డు నుంచి ఒకాయన బిడ్ ప్రింటు తీసుకుని వచ్చారు. టూల్ ట్రాలీలు, నలభై. రేటు అప్పటికే రాసుకొచ్చారు. పట్టిక తీసి చూశాం. అనుభవంలో మినహాయింపు ఉంది, టర్నోవరులో లేదు. ఆయనకు అడిగిన టర్నోవరులో సగమే ఉంది. ట్రాలీకి అంత టర్నోవరు ఎందుకో అడుగుతూ, సడలించమని కోరుతూ, 2012 విధానాన్ని ఉటంకిస్తూ అక్కడే కూర్చుని నాలుగు వాక్యాలు రాసి పోర్టల్‌లో పంపాం. తర్వాత ఆయన రేటు కాగితం తిరగేసి వడ్డీ, గ్యారంటీ ఖర్చు, ఇన్‌స్పెక్షన్ ఆలస్యానికి ఒక నెల కలిపాం. ట్రాలీకి 340 రూపాయలు పెరిగింది. "ఇంత వేస్తే వస్తుందంటావా అక్కా?" అన్నారు. రాకపోవచ్చని చెప్పాను. ఆయన కాసేపు ఆ కాగితం చూస్తూ కూర్చుని, ప్లేటు బదులు కాస్త పలచటి షీటు స్పెసిఫికేషన్‌కు సరిపోతుందేమో కొలుస్తానని షెడ్డుకు వెళ్లిపోయారు. బిడ్ ముగిసేది గురువారం మధ్యాహ్నం మూడింటికి.